ఇరవై అయిదో నంబరు రేవు

ఋషికొండ మీద మూడో అంతస్తు.
కిటికీ అవతల సముద్రం ఉందని తెలుసు గానీ
రాత్రి రెండింటికి అది కనపడదు,
ఏసీ హోరులో వినపడదు కూడా.
తెర మీద ఒకటే ఫైలు.
మెయిలు ఎటు పోవాలో చెప్పే ఫైలు.

అందులో దమయంతి రాసింది:
"దీన్ని ముట్టుకోవద్దు. పింఛన్ల జట్టు."
కింద కలీముల్లా: "ముట్టుకున్నాను. రేపు మాకు డెమో."
దాని కింద మళ్ళీ ఆమె: "డెమో మాకూ ఉంది."
ఆరు వారాలుగా ఇద్దరూ
ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని
ఒకే మైక్రోవేవులో అన్నం వేడిచేసుకుంటూ
పోట్లాట మాత్రం ఇక్కడ,
హాష్ గుర్తు వెనకాల,
యంత్రం చదవని వాక్యాల్లో.

ఆమెకి ప్రతి ఉత్తరమూ లోపలే ఆగాలి.
ఎవరి పేరున రాసినా ఒకే డబ్బాలో పడాలి.
అతనికి ఉత్తరం గడప దాటాలి,
ఆసుపత్రి అపాయింట్‌మెంటు నిజం ఫోనులో
టింగుమంటేనే పరీక్ష నెగ్గినట్టు.
సర్వరు ఒకటే. పోర్టు ఒకటే, ఇరవై అయిదు.
ఎవరు చివర సేవ్ చేస్తే వాళ్ళ మాటే ధర్మం
తెల్లారేదాకా.

నేను ఏ జట్టూ కాదు. టెస్టు సర్వర్లకి కాపలా.
డిస్కు నిండితే, ఎవరో ఎవరినో తొక్కితే
నన్ను లేపుతారు.

ఈసారి లేపింది వాళ్ళు కాదు. ఒక జవాబు.
"అయ్యా, పింఛను మంజూరైనట్టు మీ ఉత్తరం అందినది.
పన్నెండు వేల మూడు వందల నలభై అయిదు రూపాయలని ఉన్నది.
బ్యాంకులో అడిగితే రాలేదన్నారు.
మళ్ళీ ఎప్పుడు వెళ్ళమంటారు?
ఇట్లు, గొర్లె సూరప్పడు, పెదగంట్యాడ."

ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.
కీబోర్డు మీద ఎవరి వేళ్ళో
ఊరికే అలా నడిచి వెళ్ళిన అంకెలు.
ఆమె తలుపు మూసి ఇంటికెళ్ళింది,
అతను తెరిచి టీకి వెళ్ళాడు,
ఆ నలభై నిమిషాల్లో
ఒక అబద్ధం ఊరు దాటి పెదగంట్యాడ చేరింది.

మా చిన్నాన్న పోర్టులో టగ్గు మీద చేసేవాడు.
డాల్ఫిన్ నోస్ పక్కన ఆ సన్న కాలవ చూసి
"రెండు ఓడలు ఒకేసారి వస్తే?" అనడిగాను చిన్నప్పుడు.
"రానివ్వం గదేటి.
ఒకటి అవతల లంగరేసి నిలబడుద్ది.
పెద్దోడ, సిన్నోడ అని నేదు."

నాకు నిలబెట్టే అధికారం లేదు.
అందుకని రెండో కాలవ తవ్వాను.
ఇరవై అయిదు దమయంతికి: గోడ కట్టిన రేవు,
ఏ ఓడా బయటికి పోదు.
ఇరవై అయిదు పక్కన ఇంకో ఇరవై అయిదు చేర్చి
ఆ నాలుగంకెల పోర్టు కలీముల్లాకి.
దానికి దారి ఉంది, గుమ్మంలో చీటీ కూడా ఉంది:
నాలుగే చిరునామాలు, అయిదోది వెనక్కి.
ఫైలుని రెండు ముక్కలు చేశాను.
తిట్లన్నీ చెరిపి "డెమో మాకూ ఉంది" ఒక్కటీ ఉంచాను, ఎందుకో.
రీస్టార్ట్ చేస్తే లేవలేదు. ఎక్కడో ఒక సెమికోలన్.
మళ్ళీ చేస్తే లేచింది.

మూడున్నర. క్యూ ఖాళీ.
సూరప్పడు గారి ఉత్తరం ఒక్కటే డబ్బాలో.
రూలు ప్రకారం అదీ చెరిపేయాలి.
"సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టి కొట్టేశాను.
"అది పరీక్ష" అని రాసి,
ఎవరికి పరీక్ష అని అడుగుతాడేమోనని అదీ కొట్టేశాను.
"తప్పు మాది. బ్యాంకుకి మళ్ళీ తిరగకండి."
కింద నా పేరు, నా నంబరు.

పంపితే వెనక్కొచ్చింది.
ఆ నాలుగింట్లో ఆయన లేడు.
దారులన్నీ నేనే మూశాను కదా.
నా సొంత ఫోనులోంచి మళ్ళీ టైపు చేశాను, ఒక్కో అక్షరం.
కిటికీలో అప్పటికి సముద్రం వచ్చింది,
దూరంగా లోపలికి పిలుపు రాని మూడు ఓడలు
లైట్లు ఇంకా ఆర్పలేదు.

ఏడుంపావుకి మధురవాడ ఆటోలో ఉండగా
తెలియని నంబరు మోగింది.